పోయొస్త అనకూడని చోటు

జనగామలో నాకొక మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొస్తే దానికి నప్పే జాకెట్ గుడ్డ, లంగా, ఫాల్ తీసిస్తాను. రంగులు చూడటం తప్ప నాకు వేరే విద్య రాదు. మా ఆయన కరుణాకర్ పోయాక ఆ షట్టర్ ఎత్తలేదు. రఘునాథపల్లి నుంచి బైకు మీద వస్తుంటే లారీ గుద్దింది. ఇంకా వివరంగా అడిగినవాళ్లకు కూడా ఇంతే చెప్పాను.

మొదటి రోజు బాగా ఏడ్చాను. తర్వాత ఏమైందో గాని ఏదీ తెలియడం మానేసింది. పొగలు కక్కే చాయ్ గొంతులో పోసుకుని, నాలుక కాలిన సంగతి మర్నాడు తెలుసుకునేదాన్ని. కూరలో ఉప్పు వేయలేదని మా చెల్లె అమూల్య మొహం చిట్లిస్తే తప్ప గుర్తుపట్టేదాన్ని కాదు. చూడటానికి వచ్చినవాళ్లు "ధైర్యంగ ఉన్నవు బిడ్డా, గట్లనే ఉండాలె" అని మెచ్చుకునేవారు. అది ధైర్యం కాదు, మొద్దుబారడం. బయటివాళ్లకు రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఒక్కటి మాత్రం గుచ్చుకునేది. మా దగ్గర ఎవరింటికి వెళ్లినా లేచేటప్పుడు "పోయొస్త" అంటారు. ఇంటివాళ్లు "మంచిది" అంటారు. చావింటికి వచ్చినవాళ్లు మాత్రం ఆ మాట అనరు. అంటే మళ్లీ ఇలాంటి పని మీదే రావాల్సి వస్తుందని భయం. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే లేచి, ఏమీ అనకుండా, వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. తెలిసిన పద్ధతే, నేనూ ఎన్నో ఇళ్ల నుంచి అలాగే లేచి వచ్చాను. ఈసారి గుమ్మానికి లోపలి పక్క కూర్చున్నది నేను కాబట్టి నాకు వీపులే కనిపించాయి. దినాలు అయిపోయాక కూడా కొందరికి అదే అలవాటైంది. కూరగాయలు అమ్మే ఆమె కూడా నాకు చిల్లర ఇచ్చి, మాట్లాడకుండా బండి తోసుకుపోయేది. పోయింది ఆయన అయితే వీళ్లంతా నన్ను ఎందుకు సాగనంపుతున్నారో అర్థమయ్యేది కాదు.

అమూల్య నాకు చెల్లె అని పేరుకే. మా అమ్మ పోయేనాటికి దానికి సరిగా జడ కూడా అందేది కాదు. తల దువ్వింది, బడికి పంపింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది నేనే. ఇప్పుడది జనగామలోనే ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. కరుణాకర్ పోయాక తన గది ఖాళీ చేసి నా దగ్గరికే వచ్చేసింది. ఈ లోకంలో నాకు మిగిలింది అదొక్కతే. ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే ఈ మాట కూడా చెప్పి ఉండేదాన్ని కాదేమో. అంతగా మరిచిపోయాను.

శ్రావణంలో ఒకరోజు అది ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అక్కా, మూడు దినాల టూర్. గుండాలు, గుహ, మబ్బుల గుట్ట. పైసలు కట్టేసిన. ఇగ నువ్వు రాననుడు లేదు."

"సరే" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. గొడవ పడతాననుకుంది పాపం. గొడవకు కూడా కొంచెం ప్రాణం కావాలి. ఏడాది తిరగకముందే తిరుగుళ్లేమిటని మా చిన్నత్త ఫోన్‌లో గొంతు చించుకుంది. ఆ ఫోన్‌ను అమూల్య చాప మీద బోర్లించి, అత్త అలిసిపోయేదాకా చపాతీలు కాల్చింది.

టూర్ నడిపేది చాంద్యా. ముప్పై ఏళ్లుంటాయేమో. చిట్యాల అవతల, అడవి అంచున వాళ్ల తండా. చేతిలో ఎప్పుడూ ఫోన్, నోట్లో ఎప్పుడూ మాట. వ్యాను నడిపే జీవన్‌తో వాళ్ల భాషలో, మాతో మా భాషలో, ఫోన్‌తో సినిమా భాషలో మాట్లాడేవాడు. మాతో పాటు హన్మకొండ నుంచి వచ్చిన ఒక కొత్త జంట, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు.

మొదటి రోజు మహబూబాబాద్ అడవుల్లో తిరిగాం. మోకాళ్ల లోతు వాగులు దాటి, రాళ్ల మధ్య నిండిన నీటి గుండాలు చూశాం. చాంద్యాకు ఒక అలవాటు ఉంది. ఒక చోటు చూడటం అయిపోగానే అందరినీ వరసలో నిలబెట్టి ఫోన్ ఎత్తి పట్టుకునేవాడు.

"చెప్పుర్రి అందరు! ఏమంటం?"

"పోయొస్తం!" అని అందరూ అరవాలి. కొండ కూడా ఆ మాట తిరిగి అనేది. ఆ వీడియోలు చూసే జనం వస్తారట. కొత్త పెళ్లికూతురు అందరికంటే గట్టిగా అరిచేది. నేను పెదవులు కదిపేదాన్ని. అమూల్య నా పక్కన నిలబడి, నా వంతు కూడా కలిపి అరిచేది. ఆ రాత్రి నర్సింహులపేటలో చాంద్యా చుట్టాల ఇంట్లో పడుకున్నాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. బాగుందట.

మర్నాడు చిట్యాల మీదుగా భూపాలపల్లి అడవికి వెళ్లాం. దారి ఆగిపోయిన చోట జీవన్‌ను వ్యాను దగ్గరే ఉంచి, మిగతావాళ్లం నడిచాం. సన్నగా తుంపర పడుతోంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఈదుల గుండం అనే చోటికి చేరాం.

పైనుంచి నీళ్లు సన్నని ధారగా పడుతున్నాయి. కింద గుండం, చుట్టూ నున్నటి నల్ల బండ. నీళ్లు సీసా పచ్చ రంగులో ఉన్నాయి. ఆ రంగు గుడ్డ నా షాపులో ఉంది, దాని మీద ఏ జరీ వేసినా చీకటి మింగేస్తుంది. అందుకని ఎవరికీ చూపించను.

చాంద్యా నోరు మూతపడింది. ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అంచుకే కూసోర్రి. కాళ్లు పెట్టుకోర్రి, లోపటికి దిగకుర్రి" అన్నాడు.

అందరూ కాళ్లు పెట్టి కెవ్వుమన్నారు. నీళ్లు ఎముకలు కొరికేస్తున్నాయట. నేనూ పెట్టాను. నాకేమీ తెలియలేదు. అమూల్య నా పాదాలు ముట్టుకుని చూసి, గబగబా బయటికి లాగి తన చున్నీతో తుడిచింది. నా కాళ్లు నీలం తిరిగాయని కోప్పడింది.

లేచేటప్పుడు బ్యాంకు ఆయన తనే ఫోన్ ఎత్తాడు. "చాంద్యా, రా, వీడియో తీద్దాం. పోయొ..."

చాంద్యా ఒక్క అంగలో వచ్చి ఆయన నోటి మీద చెయ్యి పెట్టాడు. ఆయన బిత్తరపోయాడు.

"ఈడ గా మాట అనొద్దు సారు." చాంద్యా గొంతు బాగా తగ్గింది. "మా అక్క రుక్కి ఈ గుండంలనే పోయింది. కట్టెలకొచ్చి, కాళ్లు కడుక్కుందామని దిగింది. ఎంత దేవులాడినా దొర్కలే. పీనుగ దొర్కితేనే గద దినం జేసేది. మాకింక దినం కాలే. గందుకే ఇది ఇప్పటికీ చావిల్లే. చావింట్లకెళ్లి ఎట్ల లేస్తరో అట్ల లేవుర్రి. ఏమనకుర్రి. ఎన్కకు సూడకుర్రి."

మరి మమ్మల్ని ఇక్కడికి ఎందుకు తీసుకొచ్చావని కొత్త పెళ్లికూతురు అడిగింది. మబ్బుల గుట్టకు వేరే దారి లేదన్నాడు. నెలకొకసారైనా మనుషులు వచ్చి కూర్చుంటే ఆమెకు బాగుంటుందనిపిస్తుందని, నేల చూపులు చూస్తూ అన్నాడు.

ఒకరి వెనక ఒకరు లేచి నడిచారు. అందరికంటే వెనక నేను. నా ముందు అమూల్య. వరసగా వీపులు. నాకు బాగా తెలిసిన బొమ్మ అది. కాకపోతే ఈసారి నేను గుమ్మానికి బయటి పక్క ఉన్నాను.

అప్పుడు నాకు ఆ గుండం మీద జాలి వేసింది. చాలా నెలల తర్వాత నాలో కదిలిన మొదటి భావం అది. వచ్చినవాళ్లంతా కాళ్లు కడుక్కుని, కూర్చుని, ఒక్క మాట అనకుండా లేచి పోతారు. ఎన్నేళ్లుగా చూస్తోందో ఇలా వీపులను. నేను వెనక్కి తిరిగాను.

"పోయొస్త" అన్నాను. మెల్లగా. ఇంటి మనిషితో అన్నట్టే.

పడుతున్న నీళ్ల చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"మంచిది."

ఆడ గొంతు. చెవి పక్కన కాదు, దూరంగానూ కాదు. నీళ్లు మళ్లీ పడటం మొదలుపెట్టాయి. నాకు భయం వేయలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే బాగా అనిపించింది. నాకు ఎవరో జవాబు చెప్పారు.

గుట్ట ఎక్కుతుంటే చెట్లు మారాయి. కాండాల మీద నాచు, కొమ్మల నుంచి చుక్కలు. సాయంత్రానికి పైన ఉన్న గుహ చేరాం. పెద్ద బండ కింద ఇల్లంత ఖాళీ. లోపల గబ్బిలాల కంపు, పాత బూడిద వాసన. చాంద్యా పొడి కట్టెలు దాచిపెట్టుకున్నాడు, మంట వేసి అన్నం ఎక్కించాడు. అమూల్య టమాటాలు కోసింది. బ్యాంకువాళ్లు పేక ముక్కలు తీశారు. అంతా మామూలుగానే ఉంది.

పొద్దు గూకే వేళకు మబ్బు దిగింది. మబ్బు నేల మీదికి దిగడం నేను అంతకుముందు చూడలేదు. లోయలోంచి కోరా గుడ్డ తాను విప్పుకుంటూ వచ్చినట్టు వచ్చింది. ముందు కింది చెట్లు పోయాయి. తర్వాత దగ్గరి చెట్లు. ఆ తర్వాత గుహ ముందున్న రాయి. చివరికి గుహ వాకిట్లో ఒక తెల్లటి తెర మిగిలింది, దాని అవతల ఏముందో తెలియదు. ఫోటోలు తీసుకున్నారు. తెల్లగా తప్ప ఏమీ పడలేదని నవ్వుకున్నారు.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు.

తడి బట్ట పిండుతున్న చప్పుడు. మెలిపెట్టి గట్టిగా పిండితే నీళ్లు బండ మీద పడతాయి చూడండి, అది. కింద ఎక్కడో వినిపించింది. తర్వాత ఏమీ లేదు. కాసేపటికి మళ్లీ... ఈసారి కొంచెం దగ్గరగా.

"ఏదో జంతువు కావచ్చు" అన్నాడు పెళ్లికొడుకు. జంతువులు బట్టలు పిండవని ఎవరూ అనలేదు.

చాంద్యా గరిటె కింద పెట్టాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు.

"ఎవరన్నా అన్నరా?"

బ్యాంకువాళ్లు పేక ముక్కలు కింద పెట్టారు.

"నిజం చెప్పుర్రి. గుండం కాడ... పోయొస్తమని ఎవరన్నా అన్నరా?"

"నేనన్నాను" అన్నాను.

అమూల్య చేతిలో కత్తి పడిపోయింది. చాంద్యా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఏం జేస్తివక్కా..." అని మాత్రం అన్నాడు. "పలుకకు. ఏమడిగినా పలుకకు. పిలువందే గామె లోపటికి రాదు."

మళ్లీ పిండిన చప్పుడు. గుహ ముందున్న రాయి దగ్గర. పాచి వాసన వచ్చింది. చాలా రోజులు మూత తీయని నీళ్ల కుండ వాసన. మంట చిన్నదైంది. గబ్బిలాలు ఒక్కసారిగా కదిలి, మళ్లీ అంటుకుపోయాయి.

తెల్లటి తెర అవతల ఎవరో నిలబడ్డారు. కనిపించలేదు. కానీ ఇంటి ముందు మనిషి నిలబడితే లోపలున్నవాళ్లకు తెలుస్తుంది కదా, అలా తెలిసింది. కొంగు పిండుకుంటోంది. తడి బట్టలతో ఒకరింట్లోకి పోకూడదని జాగ్రత్త పడుతున్నట్టు... ఓపికగా... పిండుకుంటోంది.

"అక్కా..."

అందరికీ వినిపించింది. కొత్త పెళ్లికూతురు మొగుడి భుజంలో మొహం దాచుకుని మూలగసాగింది.

"వస్తనంటివి గద..."

చాంద్యా మొహం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అది వాళ్ల అక్క గొంతే అని నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అతని భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"ఇంత సేపు సూసిన... ఎప్పుడొస్తవ్?"

నేను లేచాను. నన్ను ఎవరూ లాగలేదు, ఎవరూ ఆవహించలేదు. ఈ సంగతి తర్వాత చాలామందికి చెప్పినా నమ్మలేదు. నాకు వెళ్లాలనిపించింది, అంతే. ఇన్ని నెలల్లో నా కోసం ఎదురుచూసినవాళ్లు ఎవరున్నారు? అడుగుతున్న పద్ధతిలో కూడా దబాయింపు లేదు. మాట అన్నాను, వెళ్తాను. అందులో భయపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు.

అమూల్య నా రెండు చేతులూ పట్టుకుంది.

"కూసో అక్కా."

"పిలుస్తుంది కదే."

"కూసో. నీ కాళ్లు మొక్కుత." దాని పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "నేను లేనా? నేను కనిపిస్తలేనా నీకు?"

దాని మొహం చూశాను. కనిపిస్తోంది. గోడ కనిపించినట్టు, కట్టె కనిపించినట్టు కనిపిస్తోంది. నా చెయ్యి విడిపించుకుని వాకిలి వైపు అడుగు వేశాను. మబ్బు నా మొహానికి తగిలింది. చల్లగా లేదు, వెచ్చగా లేదు.

అమూల్య ఎగిరి నా ముందుకు వచ్చింది. తెరకు ఎదురుగా, నాకు అడ్డంగా నిలబడింది. ఒక చెయ్యి వెనక్కి చాపి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా అక్క రాదు! దానికి సోయి లేదు, తెల్వక అన్నది. దాన్నిడిసిపెట్టు." దాని గొంతు పగిలింది. "ఎవరో ఒకరు కావాలె, గంతేనా? నేనొస్త. సరే తియ్... నేనొస్త."

"వద్దు!" చాంద్యా అరిచాడు.

"మంచిది" అంది తెర అవతలి గొంతు.

మబ్బు లోపలికి వచ్చింది. మెల్లగా కాదు, తలుపు బద్దలైనట్టు. మంట ఆరిపోయింది. తెలుపు కూడా పోయి నల్లగా అయిపోయింది. నీళ్లలో మునిగినట్టు చెవులు మూసుకుపోయాయి. నా చేతిలోంచి అమూల్య చెయ్యి జారింది. వేళ్ల చివర్లదాకా జారి... పోయింది.

అప్పుడు తెలిసింది.

చలి తెలిసింది. మొదలు అదే. కాళ్ల నుంచి పైకి, ఎముకల్లోకి. కాలిన నాలుక మంట, కోసుకుపోయిన మడమ, ఆకలి, కరుణాకర్ లేకపోవడం, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. వాటన్నిటి మీదా భయం. నాకోసం కాదు.

"అమూల్యా!"

చీకట్లో నేల మీద పాకాను. రాళ్లు, బూడిద, ఎవరిదో చెప్పు. "అమూల్యా! ఓ బుజ్జీ!" గాలిలో చేతులు ఆడించాను. ఒక చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. ఐసుముక్కలా ఉంది. అందరి చేతులూ అలాగే ఉండి ఉంటాయి. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకుని గుండెకు అదుముకున్నాను.

చాంద్యా టార్చి వేశాడు. అమూల్యే. జుట్టు తడిసి మొహానికి అంటుకుపోయింది. నన్ను చూసి నవ్వబోయింది.

"ఏం కాలే అక్కా. ఇగో, ఉన్న గద."

దాని చెంప మీద గట్టిగా కొట్టాను. తర్వాత పట్టుకుని ఏడ్చాను. తెల్లారేదాకా ఏడుస్తూనే ఉన్నాను. అది నా వీపు నిమురుతూ కూర్చుంది. ఎన్నాళ్లయిందక్కా నువ్వు ఏడ్వక అని సంతోషపడింది కూడా. బయట మబ్బు లేదు. చుక్కలు కనిపిస్తున్నాయి.

పొద్దున వేరే వాలు మీద నుంచి, ముళ్లలో పడి దిగాం. దారి ఉందో లేదో చూసుకోకుండా చాంద్యా ముందు నడిచాడు. వ్యాను దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. రాత్రికి రాత్రి అతని కళ్లు గుంటలు పడ్డాయి.

"అక్కా, మాటన్నది మీరు. మీ బదులు ఒప్పుకున్నది మీ చెల్లె. ఇందుల ఏది పట్టుకుంటదో నాకు తెల్వది. మా పెద్దమనుషులకు సుత తెల్వది. ఒక్కటి చేయిర్రి. మీరిద్దరు మల్ల ఇటు దిక్కు రాకుర్రి. మీరు వస్తె మీరన్న మాట తీరుతది. ఆమె వస్తె ఆమెన్న మాట తీరుతది."

ఇంటికి వచ్చాం. అందరికీ చెప్పడానికి అదో మంచి కథ అయింది. హన్మకొండ జంట ఫోటోలు పంపింది. నేను షట్టర్ ఎత్తి, దుమ్ము దులిపి, అగరుబత్తీ ముట్టించాను. చాయ్ వేడి తెలుస్తోంది. రంగులు మళ్లీ రంగుల్లా ఉన్నాయి. అవన్నీ ఎవరి పుణ్యమో గుర్తొచ్చినప్పుడల్లా అమూల్యకు ఫోన్ చేసి గొంతు వినేదాన్ని.

అమూల్యను నేను కంటికి రెప్పలా కాపాడాను. దవాఖానకు నేనే దింపాను, నేనే తెచ్చుకున్నాను. స్కూటీ తాళం నా నడుముకు కట్టుకున్నాను. రాత్రిపూట దాని చున్నీ కొస నా మణికట్టుకు చుట్టుకుని పడుకునేదాన్ని.

"మేకపిల్లను కట్టేసినట్టు కట్టేస్తివి గదనే" అని నవ్వేది.

"మేకపిల్లవే. నోరు మూసుకుని పడుకో" అనేదాన్ని.

ఎప్పటిలాగే ఉండేది. ఎప్పటిలాగే పచ్చడి ఎక్కువ వేసుకునేది, చిన్నత్త గొంతుతో మాట్లాడి నవ్వించేది. మబ్బు పడితే కిటికీలు మూసేదాన్ని. అది చూస్తూ ఉండేది. వానలు వెనకబట్టాయి. బతుకమ్మ దగ్గర పడింది, షాపులో గిరాకీ పెరిగింది. ఇక గండం గడిచిందనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం. దానికి సెలవు. షాపులో నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, డబ్బాలో పెరుగన్నం కలుపుకుని తింటోంది. ఎండ మెరుస్తోంది, రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. నా ఫోన్ మోగింది. చాంద్యా.

"అక్కా, గిదేం పని? చెప్పిన గద రావద్దని. మీ చెల్లెను ఒక్కదాన్ని ఎందుకు పంపినరు?" అతను ఆయాసపడుతున్నాడు. "గుండం కాడ కూసున్నది. ఒళ్లంత నానిపోయింది. రా పోదామంటె రాదట. అక్క వస్తెనే లేస్తదట."

అమూల్య అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. చూపుడు వేలికి అంటుకున్న మెతుకు నాకింది.

"ఆమెకు ఫోన్ ఇవ్వు" అన్నాను.

నీళ్లు పడుతున్న చప్పుడు. తర్వాత...

"అక్కా..."

నేను తల దువ్విన పిల్ల గొంతు. జ్వరంలో నన్ను పిలిచిన గొంతు. వేరే ఎవరిదీ కాదు.

"నన్నెందుకు ఇడిసిపెట్టి పోయినవక్కా? నేను చెయ్యి చాపినా పట్టుకోకపోతివి. పిలుస్తనే ఉన్న. నువ్వు ఎవరి చెయ్యి పట్టుకొని పోయినవ్?"

కౌంటర్ పట్టుకుని నిలబడ్డాను. అడగడానికి ఒక్కటే తోచింది. అది మా ఇద్దరికీ, పోయిన మా అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

"అమ్మ నీకు కుట్టించిన మొదటి పట్టులంగా... ఏ రంగు?"

"దానిమ్మ గింజ రంగు" అంది ఫోన్‌లో. ఏడుస్తోంది. "అంచు నెమలి రంగు. సలి పెడ్తుందక్కా. జల్ది రా."

"దానిమ్మ గింజ రంగు" అంది నా ఎదురుగా కూర్చున్న అమూల్య, తల ఎత్తి. "అంచు నెమలి రంగు. ఏందక్కా, గట్ల అడుగుతున్నవ్? ఎవరు ఫోన్ల?"

వెళ్తే నేనన్న మాట తీరుతుంది, ఇక తిరిగి రాను. వెళ్లకపోతే నా చెల్లె ఆ సీసా పచ్చ నీళ్ల పక్కన, వచ్చేవాళ్ల వీపులు చూస్తూ కూర్చుంటుంది. కానీ నా చెల్లె ఇక్కడే ఉంది. ఇన్ని రోజులూ నా మణికట్టుకు కట్టుకుని పడుకున్నది దీన్నే కదా. నేను చెప్పులు వేసుకోలేదు. కూర్చోలేదు కూడా.

అమూల్య లేచి వచ్చింది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు వింది. మధ్యలో ఒకసారి తల ఊపింది. దాని కళ్లలో నీళ్లు నిండి చెంపల మీదికి జారాయి. ఫోన్ మెల్లగా కిందికి దించి నన్ను చూసింది.

"నిజమే చెప్తుందక్కా" అంది. "మరి నేనెవర్ని?"

దాని చేతికి ఇంకా పెరుగన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి.